మొదటి పేజీలో లేని పేర్లు

ఆ ఉదయం బైండింగ్ షాపులో పని ఆగిపోయింది. బల్ల మీద ముత్తాతల కాలం నాటి బైబిల్ ఉంది.

విడిపోయిన కాగితాలు కుట్టి, కొత్త అట్ట వేసి, రెండు రోజులు ప్రెస్‌లో బిగించింది షాపు యజమానురాలు. అది ఆమె పుట్టింటి పుస్తకమే. తీసుకెళ్ళడానికి రిటైరైన హెడ్మాస్టరు అన్నయ్య వచ్చాడు. వెంట నర్సు ఉద్యోగం చేసే కోడలు, ఆమె చేతుల్లో ఇరవై రోజుల పాప. ఇంట్లో ఎవరు పుట్టినా మొదటి పేజీలో పెద్దకొడుకు రాయాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ.

అన్నయ్య తేదీ వేశాడు. పక్కన 'ఆడపిల్ల' అని రాయబోయాడు.

"పేరు రాయన్నయ్యా," అంది చెల్లెలు.

"ఇందులో ఆడవాళ్ళ పేర్లు రాయరు. ఇంకో ఇంటికి వెళ్ళేవాళ్ళేగా. నీకు తెలియనిదా?"

"కుట్టేటప్పుడు చూశాను. పేరులేని 'ఆడపిల్ల'లు పదకొండు మంది, అందులో నేనొకదాన్ని. కోడళ్ళుగా వచ్చినవాళ్ళంతా 'భార్య'లు."

"అట్ట వేసినంత మాత్రాన పుస్తకం నీదైపోదు."

"సరే. మన నాయనమ్మ పేరేంటో చెప్పు."

బైబిల్లోని వంశావళులన్నీ తడుముకోకుండా అప్పజెప్పే మనిషి నోరు తెరిచి, మూసేశాడు. నవ్వకండి పాఠకులారా, మీ నాయనమ్మ వాళ్ళ అమ్మ పేరు మీకు గుర్తుందా?

"అందరూ పెద్దమ్మగారు అనేవారు," అన్నాడు చివరికి.

"అది పిలుపు. వరదలో ఇల్లు మునిగితే ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని, నడుము లోతు నీళ్ళలో మోసుకొచ్చింది ఆవిడే. ఆ కథ ఊరంతా చెప్పేది నువ్వే."

కోడలు పాపను మామగారి చెల్లెలి చేతికిచ్చింది. "పెన్ను ఇలా ఇవ్వండి మామయ్యా."

"నువ్వు రాయకూడదమ్మా."

"ఆస్పత్రిలో రోజూ ఎవరెవరి పిల్లల వివరాలో రాస్తున్నా. నా కూతురి పేరు రాయలేనా?"

ఆయన పేజీకి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యన్నయ్యా. పేరు పడకుండా ఇది నా షాపు గడప దాటదు," అంది చెల్లెలు నెమ్మదిగా.

ఆయన పెన్ను బల్ల మీద పెట్టాడు. చెయ్యి పక్కకు జరిగింది.

కోడలు పాప పేరు రాసి, పాపను తిరిగి ఎత్తుకుంది. తరువాత చెల్లెలు తన తేదీ వెతుక్కుని, 'ఆడపిల్ల'ను కొట్టేసి, తన పేరు రాసుకుంది. నాయనమ్మను 'భార్య' అని రాసిన వరుస దగ్గర పెన్ను ఆగింది.

"ఆవిడ పేరు ఇక దొరకదు," అందామె. "పేరు రాయకపోవడమంటే మనిషిని లేకుండా చెయ్యడమే అన్నయ్యా. ఇకమీదట ఈ ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఆడవాళ్ళమే రాసుకుంటాం, ఎవరినీ అడగం."