శుక్రవారం ఆరింటిదాకా

నోట్లో నువ్వుగింజ నానని మనిషికి రచయితల వ్యవహారాలు అప్పజెప్పకూడదు. ఈ మాట నా ఆఫీసు తలుపు మీద ఎవరైనా రాసిపెట్టి ఉండాల్సింది. ముప్ఫై ఏళ్ళుగా లాస్ ఏంజెలెస్‌లో నా పని ఇదే. కథలు రాసేవాళ్ళ తరఫున ఏజెంటుగా తిరుగుతాను, వాళ్ళ కథల్ని సినిమావాళ్ళకో టీవీవాళ్ళకో ఒప్పించి ఇప్పిస్తాను. ఆర్పీ దెమిర్జియన్ కథను పసిగడుతుందని నాకు పేరుంది. అందరితో మర్యాదగా ఉంటుందని అంతకంటే పెద్ద పేరుంది. ఆ రెండో పేరే ఐలీన్ టార్వర్ కొంప ముంచింది.

ఐలీన్‌కి అరవై ఆరేళ్ళు. ఇక్కడికి ఐదు గంటల దూరంలో, మొడెస్టో దగ్గర, పీచ్ పండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో అది మూతపడేదాకా పనిచేసింది. జీవితంలో ఒక్కటే కథ రాసింది. అది ఎవరూ చదవని ఒక కాలేజీ పత్రికలో అచ్చయితే, నేను పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని చదివాను. ఏడుస్తుంటే నర్సు వచ్చి, “నొప్పి అంత ఎక్కువగా ఉందామ్మా?” అని ముందు నన్నే లోపలికి పంపింది.

కథ వాళ్ళమ్మ ఓపల్‌ది. పంతొమ్మిది వందల అరవై ఒకటి, ఆగస్టు నెల. గింజ తీసే యంత్రంలో పడి ఓపల్ ఎడమచేతి వేళ్ళు రెండు తెగిపోయాయి. పండ్ల కాలం ముగియడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. చివరి రోజుదాకా పండ్లు కదిలే బెల్టు దగ్గర నిలబడినవాళ్ళనే మళ్ళీ ఏడు పనికి పిలుస్తారు. దెబ్బ తగిలిందని మేస్త్రీకి తెలిస్తే ఆ పూటే గేటు బయటికి పంపేస్తాడు. ఇంట్లో నాలుగేళ్ళ పిల్ల. అందుకని పక్కన పనిచేసే ఆరుగురు ఆడవాళ్ళు ఓపల్‌ని మధ్యలో నిలబెట్టుకున్నారు. చేతికి గుడ్డ చుట్టి ఆప్రాన్ జేబులో పెట్టించారు. ఆమె వంతు పండ్లు కూడా వాళ్ళే కోశారు. మేస్త్రీ రోజూ నాలుగుసార్లు ఆ వరస వెంట నడిచేవాడు. వాళ్ళలో ఇద్దరికి ఒకరంటే ఒకరికి పడదు, ఒకావిడ మేస్త్రీకి మరదలు. పదకొండు రోజులు ఒక్కరు కూడా నోరు విప్పలేదు. కథంతా ఇంతే.

దాన్ని ఒక కంపెనీవాళ్ళకు ఇప్పించాను. ఇక్కడ కథను వెంటనే కొనరు. పద్దెనిమిది నెలలు కట్టేసి ఉంచుకుంటారు. ఈలోపు తీస్తే తీశారు, లేకపోతే గడువు లోపల ఒక ఉత్తరం ముక్క పంపి ఇంకో పద్దెనిమిది నెలలు పొడిగించుకోవచ్చు. ఉత్తరం రాకపోతే కథ మళ్ళీ రాసినవాళ్ళదే. అందాకా రచయిత తన సొంత కథను ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేదు.

వాళ్ళు ముగ్గురితో మూడుసార్లు స్క్రిప్టు రాయించారు. మొదటిదాంట్లో పీచ్ పండ్లు లిప్‌స్టిక్‌లయ్యాయి. రెండోదాంట్లో ఆరుగురు ఆడవాళ్ళు ఇద్దరయ్యారు, అందులో ఒకరు మగవాడు. తెగిన వేళ్ళు చూస్తే జనం భోజనం చెయ్యలేరని మూడోదాంట్లో భుజం మీద మచ్చ పెట్టారు. అది చదివి ఐలీన్ ఫోన్ చేసి, “మచ్చను దాచడానికి పదకొండు రోజులెందుకు ఆర్పీ, నిండు చేతుల చొక్కా వేసుకుంటే సరిపోదూ?” అంది.

తర్వాత ఆ కథను ఇష్టపడి తీసుకున్న పెద్దమనిషి ఉద్యోగం పోయింది. మనిషి పోతే అతను తెచ్చిన కథలు దిక్కులేనివవుతాయి. కొత్తగా వచ్చినవాడు వాటి వంక చూడడు. ఆడినా పేరు పాతవాడికే, పోతే చెడ్డపేరు తనకు. ఆ కుర్చీలోకి బ్రైస్ హాడ్లీ అనేవాడు వచ్చాడు. ఐలీన్ కథ తన బీరువాలో ఉన్నట్టే అతనికి తెలియదు.

సరిగ్గా అప్పుడే మరిసేలా క్విరోగా దొరికింది. చిన్న సినిమాలు తీస్తుంది. పోయినేడు ఒకదానికి పెద్ద బహుమతి వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ కూడా పీచ్ పండ్లు కోసిన మనిషే. ఒక్క ముక్క మార్చకుండా తీస్తానంది. మూతపడ్డ ఆ ఫ్యాక్టరీని ఆగస్టులో కూలగొట్టబోతుంటే, వెళ్ళి ఓనరు కాళ్ళావేళ్ళా పడి జులైలో రెండు వారాలు షూటింగుకు ఒప్పించింది. అదే షెడ్డు, అదే బెల్టు. ఆఖరి దృశ్యంలో ఓపల్‌ని, తొంభై ఏళ్ళ ఓపల్‌ని, ఆ బెల్టు దగ్గర నిలబెట్టి ఆ చేతిని చూపిస్తానంది. ఇక కావలసిందల్లా పాత కంపెనీ గడువు దాటిపోవడం. జూన్‌లో ఒక శుక్రవారం, సాయంత్రం ఆరు గంటలకు దాటుతుంది. అంతవరకు ఎవరూ కిక్కురుమనకుండా ఉంటే చాలు.

గురువారం ఐలీన్ ఫోన్ చేసింది.

“ఇంకెంతసేపు?”

“రేపు సాయంత్రం ఆరు. అందాకా ఊపిరి కూడా గట్టిగా పీల్చకు.”

“నాకెవరున్నారు చెప్పడానికి? కోళ్ళకి చెప్పుకోవచ్చా?”

“వద్దు. కోళ్ళకి ఏజెంట్లుంటారు.”

పకపకా నవ్వింది. “అమ్మ రోజూ మూడుసార్లు ఆ చేతికి క్రీము రాసుకుంటోంది. సినిమాలో చర్మం ముడతలు కనిపిస్తాయేమోనని. తొంభై ఏళ్ళు వచ్చాక ఇప్పుడు పట్టుకుంది సోకు.”

శుక్రవారం నేను మధ్యాహ్నం తిండి కూడా తినలేదు. నాలుగయింది, అయిదయింది. ఉత్తరం రాలేదు. అప్పుడు మొదలైంది నా బుర్రలో పురుగు.

మా ఊళ్ళో ఒక మర్యాద ఉంది. ఒకరి చేతిలోని కథ ఇంకొకరి దగ్గరికి వెళ్తుంటే, ఆ సంగతి వాళ్ళు పేపర్లో చూసి తెలుసుకోకూడదు. ముందుగా ఒక ఫోన్ చెయ్యాలి. గడువు దాటకముందు చెబితే మర్యాద. దాటాక చెబితే దాచినట్టు, మోసం చేసినట్టు. మరిసేలా సినిమా సంగతి సోమవారం పేపర్లో వస్తుంది. మంగళవారం నాడు నా దగ్గరి మరో రచయిత సీరియల్ మీద బ్రైస్ అవునో కాదో చెప్పాలి. నాకు ఇంకా పద్నాలుగు మంది రచయితలున్నారు, వాళ్ళలో సగంమంది కథలకు అతని గుమ్మమే దిక్కు. అతనికి కోపమొస్తే?

అప్పుడు నాకొక అతితెలివి ఆలోచన వచ్చింది. శుక్రవారం ఐదు దాటితే ఈ ఊళ్ళో లాయర్లు ఎవరూ కుర్చీల్లో ఉండరు. ఐదూ ఇరవైకి ఫోన్ చేస్తే పేరుకు ముందే చెప్పినట్టు అవుతుంది, అతను చెయ్యగలిగేదీ ఏమీ ఉండదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఫోన్ తీశాను.

“ఆర్పీ! బంగారం! నీ గొంతు వింటే వారమంతా పడ్డ అలసట పోయిందనుకో.”

“ఒక చిన్న సంగతి బ్రైస్. మీ దగ్గర ఒక పాత కథ ఉంది, పీచ్ పండ్ల ఫ్యాక్టరీ…”

“మా దగ్గరా?”

అక్కడ ఆగి ఉండొచ్చు. ‘పొరపాటు, మీ దగ్గర కాదు, ఇంకెవరి దగ్గరో’ అని పెట్టేసి ఉండొచ్చు. దేవుడు నాకిచ్చిన ఆఖరి అవకాశం అది. నేను ఆగలేదు.

“దాని గడువు ఇవాళ్టితో సరి. మరిసేలా క్విరోగా తీస్తానంటోంది. సోమవారం పేపర్లో చూసి నువ్వు నొచ్చుకోకూడదని.”

“మరిసేలానా? పోయినేడు బహుమతి కొట్టిందే, ఆ అమ్మాయేనా?”

“ఆ అమ్మాయే.”

“భలే, భలే! నాకు చాలా సంతోషంగా ఉంది. ఎంత మంచిదానివి ఆర్పీ, ముందే చెప్పావు. ఈ రోజుల్లో ఇంత మర్యాద ఎవరికుంది చెప్పు?”

ఫోన్ పెట్టేసి, పని చక్కబెట్టానని నన్ను నేనే మెచ్చుకున్నాను. టీ పెట్టుకున్నాను కూడా. ఐదూ నలభై ఎనిమిదికి మెయిల్ వచ్చింది. నాలుగు వరసల ఉత్తరం. ఒప్పందం ప్రకారం కథ మీద హక్కును మరో పద్దెనిమిది నెలలు పొడిగించుకుంటున్నాం అని. కింద లాయరు సంతకం. లాయర్లు కుర్చీల్లో లేకపోయినా జేబుల్లో ఫోన్లుంటాయని నాకు తట్టలేదు.

వెంటనే బ్రైస్‌కి చేశాను.

“ఏమిటిది బ్రైస్?”

“ఏం లేదులే. అంత మంచి కథయితే మన దగ్గరే ఉండనిద్దామన్నారు మావాళ్ళు.”

“మీరు తీస్తారా?”

“తియ్యడమంటే… చూద్దాం. నా పరిస్థితి కూడా అర్థం చేసుకో. మా బీరువాలోంచి పోయిన కథ రేపు అవార్డు కొట్టిందనుకో, ఎవడు వదిలేశాడని అడుగుతారు. అప్పుడు నా పేరే కదా చెప్తారు?”

“కథ చదివావా అసలు?”

“శని ఆదివారాల్లో చదువుతా బంగారం. ఒట్టు.”

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. అతన్ని తిట్టి ఏం లాభం? అతనికి గుర్తు చేసింది నేను. మరిసేలాకి చెప్పాను. “పద్దెనిమిది నెలలకి అక్కడ పార్కింగ్ స్థలం ఉంటుంది ఆర్పీ,” అంది. “ఇన్నాళ్ళు లేనిది ఇవాళే ఎలా గుర్తొచ్చింది వాళ్ళకి?” అని అడిగింది. గోడలకు చెవులుంటాయి అన్నాను. నా నోటికి అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

ఇలాంటి కబురు ఫోన్‌లో చెప్పకూడదని శనివారం పొద్దున్నే కారు తీశాను. దారి పొడవునా ఒకటే అనుకున్నాను: ఐలీన్‌కి నిజం చెప్పేస్తాను. అబద్ధం మరిసేలాతోనే ఆఖరు. కోప్పడనీ, నన్ను మానేసి ఇంకొకరిని చూసుకోనీ, గేటు దగ్గరే నిలబెట్టి పంపించనీ. మాటలు కూడా కూర్చుకున్నాను.

ఐలీన్ వంటింట్లో ఉంది. నా ముఖం చూసి చేతిలోని పిండి దులుపుకుని కుర్చీలో కూలబడింది.

“ఉత్తరం వచ్చిందా?”

“వచ్చింది. పన్నెండు నిమిషాల ముందు.”

“ఇంకో పద్దెనిమిది నెలలు.” వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. “అప్పటికి అమ్మకి తొంభై రెండొస్తాయి. షెడ్డు ఉండదు.” తలెత్తింది. “ఎవరో చెప్పి ఉంటారు వాళ్ళకి.”

“అవును,” అన్నాను. తర్వాతి మాట కోసం నోరు తెరిచాను.

ఈలోపు ఐలీన్ ముఖం పాలిపోయింది. “అయ్యో దేవుడా. బుధవారం మందులషాపులో… అమ్మకి క్రీము కొంటుంటే షాపావిడ ‘ఎందుకింత ఖరీదైంది?’ అంది. అమ్మ చెయ్యి సినిమాలో పడుతుందిలే అన్నాను. అంతే అన్నాను ఆర్పీ, ఒట్టు, తేదీ చెప్పలేదు, ఎవరి పేరూ చెప్పలేదు. ఆవిడ కొడుకు మీ ఊళ్ళోనే కదా ఏదో స్టూడియోలో లైట్లు పట్టుకుంటాడు. అలాగే తెలిసుంటుందా?”

‘కాదు’ అనాలి. రెండక్షరాలు. ఐదు గంటలు కారు నడిపింది దానికోసమే.

అప్పుడే లోపలి గదిలోంచి ఓపల్ కర్ర టకటకలాడిస్తూ వచ్చింది. ఇస్త్రీ చేసిన నీలం గౌను వేసుకుంది. జుట్టు రింగులు తిప్పించుకుంది. నన్నే మరిసేలా అనుకుందో ఏమో, ఎడమ చెయ్యి చాచి చూపించింది. మూడు వేళ్ళూ మెరుస్తున్నాయి, క్రీము వాసన వేస్తోంది.

“ఎలా ఉంది? కెమెరాకి పనికొస్తుందా?”

“అమ్మా, వాళ్ళు రావడం లేదు,” అంది ఐలీన్. “కంపెనీవాళ్ళు కథ వదల్లేదు. వదిలేలోపు వాళ్ళకి తెలిసిపోయింది. నా వల్లే. నేనే షాపులో వాగాను.”

ఓపల్ చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవై ఏళ్ళ కిందటి అలవాటే కాబోలు, ఆ చేతిని గౌను జేబులో పెట్టుకుంది.

“దీని నోరు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా,” అంది నాతో. “దీనికి కడుపు నింపడానికి ఆరుగురు పదకొండు రోజులు నోళ్ళు కుట్టుకున్నారు. ఇది వారం ఆగలేకపోయింది.”

ఐలీన్ తల వంచుకుని ఏడ్చింది. అరవై ఆరేళ్ళ మనిషి, తప్పు చేసిన పిల్లలా.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. “పోనీలే, ఊరుకో ఐలీన్. ఇలాంటివి ఎవరి చేతిలోనూ ఉండవు,” అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “అంత దూరం నుంచి వచ్చావు, ఒక్క మాటయినా అనలేదు నన్ను,” అంది. లేచి, పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె కోసి నా ముందు పెట్టింది. తిన్నాను. ఇంకో ముక్క వేస్తే అది కూడా తిన్నాను.

శుక్రవారం ఆరింటిదాకా నలభై నిమిషాలు నోరు మూసుకోలేకపోయినదాన్ని, ఆ ఇంట్లో సాయంత్రందాకా మూసుకునే కూర్చున్నాను. ఆగస్టులో షెడ్డు కూలగొట్టారు. బ్రైస్ ఆ కథ ఇంకా చదవలేదు. ఐలీన్ ఆ మందులషాపుకు వెళ్ళడం మానేసి, పక్క ఊరి నుంచి మందులు తెచ్చుకుంటోంది.