కిటికీ దాటిన దారం

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుపడితే సర్దుకుని చదవండి. ఒక్కో మాటకీ చాలాసేపు పడుతుంది నాకు. అందుకని అవసరమైనవే రాస్తున్నాను.

జబ్బు ఊరంతా పాకిన ఏడాది సంగతి. మాస్కులు కుట్టే షెడ్డు గేటుకి యజమాని పెద్ద జెండా కట్టించాడు. అదే పొద్దున, సరిహద్దు అవతలి నుంచి పనికొచ్చిన ఆడపిల్లలందరినీ వెనక గదిలోకి తోలి బయట తాళం వేయించాడు. కిటికీ పక్క మిషను మీద కూర్చునే పెద్దక్క అదంతా కళ్ళారా చూసింది. ఒక పిల్ల చెప్పు ఇవతలే ఉండిపోయింది. తీసుకోనివ్వలేదు.

"జబ్బు తెచ్చింది వీళ్ళే. సాయంత్రం లారీ వస్తుంది, సరిహద్దు దగ్గర దింపేస్తాం," అన్నాడు యజమాని. "ఇకమీదట ఇక్కడి ప్రతి మాస్కూ మనవాళ్ళకే. దేశం కోసం రోజూ ఇంకాసేపు పనిచెయ్యండి."

కొందరు చప్పట్లు కొట్టారు. పెద్దక్క చేతులు లేవలేదు. మొగుడు పోయి నెల తిరగలేదు. నిద్ర లేదు, ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

ఆ షెడ్డులో మాస్కు కుట్టాక దారం తెంచరు. వెనకే ఇంకో గుడ్డ పెట్టి కుట్టుకుంటూ పోతారు. మాస్కులు పూలదండలా దిగుతాయి. అందరి దండలనూ పెద్దక్క కొసకి కొస ముడివేసి కిటికీలోంచి వెనక గదిలోకి వదులుతుంది. ఆ పరాయి పిల్లలు ఒక్కొక్కటీ కత్తిరించి, చెవితాళ్ళు కుట్టి, బుట్టలో తిరిగి పంపుతారు. ఇంకా సరుకు కావాలంటే దండని ఒకసారి గుంజుతారు.

తాళం పడినా ఆ పని మాత్రం ఆగలేదు. లారీ వచ్చేదాకా కుట్టాలన్నాడు యజమాని. లోపలివాళ్ళు ఒక్క మాస్కు కూడా పెట్టుకోకుండా మేస్త్రీ బుట్ట దగ్గర కాపలా కూర్చున్నాడు. వాళ్ళ చేతులు కావాలట, మూతులు వద్దట.

మధ్యాహ్నానికి గుంజడం ఆగిపోయింది. పెద్దక్క కిటికీలోకి వంగింది.

"పెద్దక్కా," లోపలి నుంచి తాళ్ళమ్మాయి గొంతు. పెద్దక్క మొగుడు పోయిన రోజు ఆమె మిషను మీద కూర్చుని ఆమె పని కూడా చేసిపెట్టిన పిల్ల. "మాలో చిన్నది పడిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. తలుపు తియ్యమని చెప్పవా?"

మేస్త్రీ తియ్యనన్నాడు. అన్నాలవేళ ఆడవాళ్ళంతా కుళాయి దగ్గర చేరారు.

"మనకే ఆసుపత్రిలో మంచం దొరకట్లేదు," అంది ఒక మిషను పిల్ల. గొంతు పెద్దదని అందరూ మైకు అంటారు. "మీ ఆయన వరండాలో పోలేదా పెద్దక్కా? ముందు మనవాళ్ళు, తర్వాతే ఎవరైనా."

"వరండాలోనే పోయాడే. ఆ మంచం ఈ పిల్లలు ఎత్తుకుపోయారా? యజమానిగారి మామకి చిన్న దగ్గొస్తే గదికి గదే ఇచ్చారు. ఆయన మనవాడేగా?"

మైకు కుళాయి తిప్పి గ్లాసు నింపుకుంది.

"ఈ గుడ్డ ఎక్కడ నేశారో తెలుసా నీకు?" అంది పెద్దక్క.

"మూట మీద ఏదో రాసుంది. ఆ భాష నాకేం తెలుసు?"

"నేసిన ఆడమనిషికి మన మొహాలూ తెలీవు. అయినా నేసింది. అక్కడా ఏదో గదికి తాళం వేసే ఉంటారు."

ఇస్త్రీ బల్ల దగ్గరి అత్త నిట్టూర్చింది. "ఏం చేద్దామంటావే? నాకు నిలబడే ఓపిక కూడా లేదు."

"నాకూ లేదత్తా. అందుకే కూర్చునే చేద్దాం. కుడుతూనే ఉందాం. దారం తెంచొద్దు, లోపలికి పంపొద్దు. తలుపు తీసేదాకా ఇంతే."

కుట్టారు. దండలు మిషన్ల కాళ్ళ చుట్టూ తిరిగాయి, మోకాళ్ళ దాకా పేరుకున్నాయి. ఎవరి దండని వాళ్ళు పక్కదాని దండకి కలిపి కుట్టారు. చివర్న మైకు కూడా, "నా ఖర్మ" అంటూనే, కలిపింది.

యజమాని పరుగున వచ్చాడు. "తాళ్ళు లేని మాస్కులు ఎవడిక్కావాలి?"

"చీమిడి తుడుచుకోడానికి పనికొస్తాయి బాబూ," అంది ఇస్త్రీ అత్త.

"దేశద్రోహుల్లారా! కత్తిరించండి!"

ప్రతి బల్ల మీదా కత్తెర ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఆయనే తీసి తెగ కత్తిరించాడు. ఆయన కత్తిరించిన చోటు వెనకాల ఎవరో ఒకరు తెగిన కొసల్ని మళ్ళీ సూది కిందకి తోస్తున్నారు. పొద్దు వాలుతోంది, సరుకు వెళ్ళాలి. చివరికి తాళంచెవి నేలకేసి కొట్టాడు.

చిన్నదాన్ని ఇస్త్రీ బల్ల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి మోశారు. ఒక పక్క ఇక్కడివాళ్ళు, ఒక పక్క అవతలివాళ్ళు. అందరి మూతులకీ మాస్కులు. వచ్చిన లారీ ఖాళీగా నిలబడింది.

పోలీసులు గేటు దగ్గర పెద్దక్కని ఆపారు. దేశం పనికి అడ్డుపడిందట.

"జీపులో కూర్చోవచ్చా బాబూ?" అంది పెద్దక్క. "నడుం పడిపోతోంది."

మర్నాడు కిటికీ పక్క మిషను మీద మైకు కూర్చుంది. వెనక గదికి తాళం లేదు. అయినా ఆమె ముడి వెయ్యలేదు. దండ ఒళ్ళో పోగుపడుతోంది.

"తలుపు తీశాం కదే! ఇంకేం కావాలి?" అన్నాడు మేస్త్రీ.

"పెద్దక్క," అంది మైకు. షెడ్డంతా వినపడింది.

లోపలి నుంచి తాళ్ళమ్మాయి కిటికీలోకి చెయ్యి చాచి, దండ కొస అందుకుని ఒకసారి గుంజింది. సరుకు కోసం కాదు. మైకు తిరిగి గుంజింది. మిషన్లు కదిలాయి. ఎవరూ దారం తెంచలేదు.

— ఇస్త్రీ అత్త, అరవై ఆరేళ్ళు. ఉండేది షెడ్డు వెనక సందులో చివరి గది. గదిలో నాతోపాటు ఆ చిన్నదీ ఉంటుంది.