పల్లీల పొట్లంల మారిన అత్త

మాణిక్యమ్మ అట్లకాడ కాల్చి కోడలికి వాత పెట్టిందట. పెట్టి ఊరుకోలేదట, "పుట్టింటికి కబురు పంపావంటే ఈసారి నాలుక మీద పెడతాను" అని బెదిరించిందట. పక్కింట్ల కొత్తగ కిరాయికి దిగిన లీలమ్మ గోడకు చెవి ఆనించి అంతా విన్నదట. విన్నది విన్నట్టు కిరాణకొట్టు సుశీలకు చెప్పింది. సుశీల కందిపప్పు జోకుకుంట మా ఇంటామెకు చెప్పింది. మా ఇంటామె నాకు అన్నం వడ్డించుకుంట చెప్పబోయి, నవ్వు ఆగక గంటె కింద పడేసుకున్నది.

ఎందుకంటే ఆ వాత పెట్టింది మాణిక్యమ్మ కాదు, భ్రమరాంబ. భ్రమరాంబ అంటే వారపత్రిక సీరియల్‌ల ఉండే అత్త. దెబ్బలు తినేది ఆమె కోడలు హేమలత.

రైళ్లు టైముకు నడుస్తున్నయని రేడియో రోజూ చెప్పే కాలమది. ఉప్పుగూడల మాణిక్యమ్మ ఇంటి వాకిట్లనే మేము గూడ ఒక అర్ర కిరాయికి తీసుకొని ఉండేటోళ్లం. పత్రిక కొనే తాహతు ఆ గల్లీల ఎవ్వరికీ లేదు. సుశీల పెనిమిటి రామలింగయ్య ఉస్మాన్‌గంజ్ నుంచి సరుకుతోపాటు పాత పత్రికలు రద్దీ కాగితం కింద తూకానికి తెచ్చి, చింపి, పొట్లాలు కట్టేటోడు. ఆ పొట్లాలు విప్పినంక కాగితాలు మాణిక్యమ్మ కోడలు కమల దగ్గరికి చేరేవి. పదో తరగతి చదివిన పిల్ల. పొద్దుగూకే వేళ వాకిట్ల కూసొని చదివి వినిపించేది.

వరుస గిరుస ఏం ఉండకపోయేది. చింతపండు పొట్లంల చచ్చిపోయిన మామ మిరియాల పొట్లంల లేచి కూసొని కాఫీ అడిగేటోడు. దానికెవ్వరూ ఫికర్ చెయ్యలే. ముక్కకూ ముక్కకూ నడుమ దొరకనిది కమల అతికేది. బీడీలు చేసే ఆగమ్మ ఇంట్ల ఆవాలు మిగిలి ఉన్నా సరే, భ్రమరాంబ కోసమని మళ్ల కొనేది. కూరగాయలమ్మే సక్కుబాయి గంప దించకుండనే "బమ్రంబ ఏం జేసిందే?" అని అడిగేది. కమల భ్రమరాంబ గొంతు పెట్టిందంటే గల్లీల కుక్కలు లేచి అవతలికి పోయేవి. లీలమ్మ తప్పు కూడా ఏం లేదు.

మాణిక్యమ్మ నోరు గట్టిది గాని చెయ్యి ఎన్నడు లేవలే. ఆ నోటితోనే కమలకు ఒక చిక్కు వచ్చిపడ్డది.

కమల మొగడు మొగులయ్య కంచన్‌బాగ్‌ల ఒక కార్ఖానల హెల్పర్. అక్కడి ఆఫీసుల టైపిస్టు కావాలన్నరు. కమల పెండ్లికి ముందే టైపు నేర్చుకున్నది. సోమవారం వచ్చి మిషన్ కొట్టి చూపిస్తే నౌకరి అయినట్టే. ఆ పిల్ల పాణమంతా దాని మీదనే ఉన్నది, గిన్నెలు తోముకుంట గూడ బోర్లించిన తాంబాళం మీద వేళ్లు ఆడించేది. కాని అదే గల్లీల ఉండే బుచ్చయ్య కోడలు నౌకరికి పోయిననాడు మాణిక్యమ్మ అందరి ముందట అన్నది: "మొగోళ్ల నడుమ కూసొని టకటక కొట్టే కోడలు నా ఇంట్ల వద్దు."

మొగులయ్యను అడగమంటే, "అమ్మకు నువ్వే చెప్పు, నాకు డ్యూటీ ఉన్నది" అని సైకిలెక్కిండు. ఆరోజు ఆయనకు సెలవు.

నోరు తెరిచి అడిగే ధైర్యం లేక కమల భ్రమరాంబను పట్టుకున్నది. ఆ సాయంత్రం కొత్త ముక్క ఏదీ రాలే. చేతుల ఉన్నది పత్రిక అట్ట. ముందు వెనక సబ్బు ప్రకటనే, నురగల నవ్వే పిల్ల. దాన్నే మొకం ముందట పట్టుకొని చదవబట్టింది. మాణిక్యమ్మ పక్కకే కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది.

"భ్రమరాంబ కన్నీరు పెట్టుకుంది. 'అమ్మా హేమలతా, నేను పాపిష్టిదాన్ని! నువ్వు బంగారు తల్లివి. ఉద్యోగానికి వెళ్లు తల్లీ, ఇంటి పని నేను చూసుకుంటాను' అంటూ కోడలిని గుండెలకు హత్తుకుంది."

సక్కుబాయే ముందు తేరుకున్నది.

"దానికేమన్న జరమొచ్చిందా?"

"మొన్ననే గద వాత పెట్టింది!" ఆగమ్మకు కోపమొచ్చింది. "గీ కతకా నేను ఆవాలు కొనేది? కమలా, గిట్లనే చదివితివంటే నా పొట్లాలు నాకు వాపసియ్యి."

మాణిక్యమ్మ తలెత్తలే. "బమ్రంబ గట్ల చెయ్యది. చదువుడు ఆపు, పొయ్యి మీద నీళ్లు చూడు" అన్నది.

కమల మొకం మాడ్చుకొని బియ్యం కడిగేటందుకు నల్లా కాడికి వచ్చింది. అక్కడున్న మా ఇంటామెతోటి, "అక్కా, భ్రమరాంబను మంచిగ చేస్తే ఎందుకు నమ్మరు?" అన్నది.

"లేని మంచితనం ఎక్కడికెళ్లి తెస్తవే? దాని తాన ఏమున్నదో దాంట్లకెళ్లే తియ్యాలె" అన్నది మా ఇంటామె. అని, ఎట్లాగూ నవ్వుకోవాలె గదా అని, లీలమ్మ ప్రచారం సంగతి గూడ చెప్పింది. కమల నవ్వలే. బియ్యం గిన్నె పొంగి నీళ్లు కారుతున్నా చూసుకోలే.

తెల్లారి మళ్ల అదే అట్ట పట్టుకొని కూసున్నది. "నిన్నటిది కలట," అని మొదలుపెట్టింది. "హేమలతకు పడ్డ కల. ఇగ ఇది అసలుది."

"గట్ల చెప్పు!" అన్నది ఆగమ్మ.

కమల గొంతు మారింది. "'ఏమే హేమలతా! నేను నీకు వాతలు పెడుతున్నానని ఎదురింటి సుభద్ర ఊరంతా చాటుతోందట! రేపటి నుంచి నువ్వు ఉద్యోగానికి వెళ్తున్నావు. నీ కోసం కాదు, నా పరువు కోసం! నా పట్టుచీర కట్టుకుని సుభద్ర గుమ్మం ముందు నుంచే నడువు. నవ్వుతూ నడువు. నవ్వలేదో, సాయంత్రానికి అట్లకాడ కాలుతూ ఉంటుంది! జీతం తెచ్చి నా చేతిలో పెట్టు!'"

సక్కుబాయి తొడ చరుచుకున్నది. "గిదీ! గిది బమ్రంబ అంటే! మంచి గూడ తిట్టుకుంటనే చేస్తది ముండ! ఎవ్వలకూ దొరకది. గా సుబద్రేంది, అచ్చం మన లీలమ్మ లెక్కనే... ఆమె గూడ నీ గురించి గిట్లనే వాతలని..." అని నాలిక కరుచుకున్నది.

చిక్కుడుకాయ ఈనె తీసే చెయ్యి ఆగింది.

"నా గురించా?" అన్నది మాణిక్యమ్మ.

సక్కుబాయికి ఇగ చెప్పక తప్పలే. అంతా విని మాణిక్యమ్మ చాట ఎత్తుకొని లోపలికి పోయింది. ఆ రాత్రి కూర ఉప్పుకషాయమైందని మొగులయ్య తర్వాత నాతో అన్నడు.

మర్నాడు పల్లీల పొట్లంల అసలు ముక్క దొరికింది, సీరియల్ ఆఖరిది. కమల చూసి చూడకముందే సక్కుబాయి చదవమని మీద పడ్డది. ఆ పిల్ల ఉన్నదున్నట్టు చదివింది. "భ్రమరాంబ కళ్లలో పశ్చాత్తాపం గంగలా పొంగింది. ఆమె కోడలి పాదాలపై వాలి, 'దేవతవమ్మా నువ్వు' అని విలపించింది. శుభం."

"మళ్ల సొంత కత మొదలువెట్టినవా?" ఆగమ్మ లేచి నిలబడ్డది.

"ఒట్టు వదినే, గిట్లనే ఉన్నది!"

"ఉన్నదట! నిన్నటిది ఎంత మంచిగ ఉండె! అది పత్రికల రాసినోళ్ల పని. ఇది నీ పని."

కమల ఏడుపు మొకంతోటి కాగితం నాకు తెచ్చి ఇచ్చింది. చూసి, అచ్చయి ఉన్నది అట్లనే అని సాక్ష్యం చెప్పిన.

సక్కుబాయి నా దిక్కు జాలిగ చూసింది. "అచ్చేసినోనికేం తెలుసు సారూ? బమ్రంబను రోజు చూసేది మనం."

ఆదివారం పొద్దుగూకింది. మాణిక్యమ్మ ఇనుప సందుగలకెళ్లి ఆకుపచ్చ పట్టుచీర తీసి గోడ మీద ఆరేసింది, లీలమ్మ దిక్కున్న గోడ మీద. ఆరేసి, ఆ గోడకే వినపడేటట్టు మొత్తుకున్నది.

"ఏయ్ కమలా! రేపు గీ చీర కట్టుకొని కంచన్‌బాగ్ పోవాలె. వెనక గల్లీకెళ్లి పోతివో, చూడు! ముందు గల్లీలకెళ్లి పో. లీలమ్మక్క గడప ముందట మెల్లగ నడు. చేతులు మంచిగ కనపడేటట్టు పెట్టుకో, వాతలున్నయేమో లెక్కపెట్టుకోనీ!"

గోడ అవతల ఏదో గిన్నె కింద పడ్డ చప్పుడైంది. మొగులయ్య సైకిలు తుడిచేటోడు తుడుచుడు ఆపిండు. కమల ఉరికొచ్చి వంగి అత్త కాళ్లు పట్టుకున్నది.

"అత్తమ్మా, నీ మనసు గింత మంచిదని..."

"లే లే. కాళ్లు పట్టుకునుడు బమ్రంబకే పొసగలే, మనకేం పొసుగుతది? పొద్దుగాల లేచి అన్నం, కూర చేసిపెట్టే పో. ఇంగో మాట. నాకు సదువు రాదు గని, అట్ట మీది సబ్బుబిళ్ల తెల్వదానే?"