గంజి తీయని గుడ్డ

దుప్పటాయనకి ఇంట్లో పొయ్యి మీది గిన్నె దింపాలంటే రెండు మసిగుడ్డలూ బోలెడు ధైర్యమూ కావాలి. అలాంటి మనిషికి ఉద్యోగం మాత్రం నిప్పుతోనే. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనానికి సిరామిక్ నారతో నేసిన దుప్పటి తయారు చేయిస్తాడు. అది మంటను ఆపుతుంది, మోతను మింగుతుంది, రాడార్ కంటికి చిక్కదు. ఇన్ని పనులు చేసే గుడ్డను కన్నవారు ఇంట్లో ఒక్క పనీ చెయ్యరేం అని ఇంటావిడ దెప్పుతూనే ఉంటుంది. ఆవిడా ఆయన ఆఫీసులోనే వేడిని కొలిచే ఇంజనీరు.

ఆ రోజు డైరెక్టరు ముందు పరీక్ష. నెగ్గితే వాహనం ముక్కుకి ఈ గుడ్డే. ఓడితే విభాగం మూత, మనుషులు తలో దిక్కు. వారం నుంచి దుప్పటాయనకి అన్నం సయించడం లేదు. సోకు మాత్రం తగ్గలేదు. గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. అప్పటికే ఆఫీసుకి వెళ్లిన ఇంటావిడ ఫోను చేసింది.

"కొలిమి దగ్గర అడుగుతున్నారండీ, గంజి తీసెయ్యాలా అని."

ఆయన చొక్కాల మీద ఆఫీసులో జోకులు కొత్త కాదు. ఒళ్లు మండింది.

"ఉండనీ. పెద్దాయన ముందు నిటారుగా నిలబడాలి" అని ఫోను పెట్టేశాడు.

నేతలో నార తెగకుండా పూసే జిగురుని అక్కడ గంజి అంటారు. నేత అయ్యాక కొలిమిలో కాల్చి తీసెయ్యాలి. ఆ పేరు పెట్టిన మహానుభావుడూ ఈయనే.

పరీక్షలో దుప్పటాయన ఛాతీ విరుచుకుని, గుడ్డకి ఇవతల అరచెయ్యి ఆనించి, అవతల మంట పెట్టించాడు. నా చెయ్యే సాక్ష్యం అని ఉపన్యాసం ఎత్తుకున్నాడో లేదో, గుడ్డ నల్లబడి గుప్పున పొగ లేచింది. నిప్పుతో కాపురం చేసే మనిషి కాస్తా చెయ్యి లాక్కుని తలుపవతల తేలాడు. చూసుకుంటే చెయ్యి కమల్లేదు సరికదా, ఎర్రబడను కూడా లేదు. గంజి సంగతి అప్పుడు బుర్రకెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లున్నారు గానీ, కాలకముందే పారిపోయినవాడు ఈయనొక్కడే.

లోపల డైరెక్టరు దగ్గుతూనే అన్నాడు.

"చేసినాయనకే నమ్మకం లేని గుడ్డని నేనెలా నమ్మేది?"

దుప్పటాయన సిగ్గుతో చచ్చిపోయాడు. తనని నమ్ముకున్నవాళ్ల మొహాలన్నీ కళ్లముందు తిరిగాయి. ఎలాగో తలుపు సందులోంచి తొంగి చూశాడు. ఇంటావిడ మీటర్ల దగ్గర్నుంచి లేచొచ్చి, ఆయన వదిలేసిన చోట అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. అవతల మంట మండుతూనే ఉంది.

"కాలింది గంజి సార్, గుడ్డ కాదు" అని డైరెక్టరుతో చెప్పి, తలుపు వైపు తిరిగింది. "మీరు చేయించిందేగా. రండి."

వెళ్లాడు. ఆవిడ చేతి పక్కన చెయ్యి ఆనించాడు. భయం పోలేదు గానీ, ఆవిడ మీద ప్రేమతో ఈసారి చెయ్యి తియ్యలేదు. నెమ్మదిగా పొగ తగ్గి, గుడ్డ మళ్లీ తెల్లబడింది.

డైరెక్టరు ఆ రెండు చేతుల్నీ కాసేపు చూసి, మంట ఆర్పమన్నాడు.

"ముక్కుకి ఇదే. కానీ ముందు ఆ గంజి తీయించండి."

ఏ గంజో ఆయన చెప్పలేదు. దుప్పటాయన చొక్కా అప్పటికే చెమటకి మెత్తబడిపోయింది.