కూర్చునే పని

"కూర్చునే పనే గదే" అంటూ అమ్మ ఇంకో మూట వేరుశనగ కాయలు నా ముందు కుమ్మరించింది.

పుట్టినప్పటి నుంచీ నా కాళ్లలో బలం లేదు. అందుకని ఇంట్లో కూర్చుని చేసే పనులన్నీ నావే. బియ్యం ఏరడం, వదిన బిడ్డను ఊపడం, విత్తనం కాయలు వలవడం. మిషన్‌లో ఆడిస్తే గింజ మీది పొర చిట్లి మొలకెత్తదని నాయన చేత్తోనే వలిపిస్తాడు. అలిసిపోయానంటే నవ్వుతారు. "కూర్చున్నదానికి అలుపేందే?" అంటాడు అన్న షఫీవుల్లా, మంచం మీద పడుకుని.

నిన్న సాయంత్రం వాన పడింది. మా నల్లమాడ దిక్కు వానంటే ఇల్లంతా సంబరమే. నేనొక్కదాన్నే గోడవైపు తిరిగి ఏడ్చాను. నేల పదును ఆరేలోగా విత్తనం వేయాలి, అంటే ఈ కాయలన్నీ నేను వలవాలి. ఎల్లుండి హైదరాబాద్‌లో నా పడవ పందెం.

వేసవిలో, ఆటలు నేర్పే ఉమాదేవి మేడమ్ నాలాంటి పిల్లలను హుస్సేన్ సాగర్‌కు తీసుకెళ్లి తెరచాప పడవ నేర్పించారు. పక్కపక్కనే రెండు సీట్లు, మధ్యలో ఒక కర్ర. దాన్ని అటూ ఇటూ తోస్తే పడవ తిరుగుతుంది. కాళ్లతో పనే లేదు. మొదటిసారి పడవ ఒరిగినప్పుడు కేక పెట్టాను. "భయపడొద్దు ఆరీఫా. దీని అడుగున బరువుండాది. ఒరుగుతాది గానీ బోల్తా పడదు" అన్నారు మేడమ్. కర్ర నాది, తెరచాప తాడు పక్క సీట్లో కూర్చునే ఉరవకొండ పిల్ల నందినిది. నీళ్లలో తేలే గుర్తులను చుట్టి ముందుగా వచ్చినవాళ్లే గెలుస్తారు. ఆ నీళ్ల మీద నన్నెవరూ ఎత్తుకోలేదు, తోయలేదు. నేనే వెళ్లాను.

నేను వెళ్లకపోతే నందిని కూడా గట్టు మీదే ఉండిపోవాలి.

"నీళ్లల్లో కూర్చునేకి అంత దూరం యాల? ఈడనే కూర్చో" అన్నాడు నాయన. అమ్మ పక్కన కూర్చుని కాయలు వలుస్తోంది. ఆమె బొటనవేలి గోరు కూడా నా గోరులాగే పగిలి ఉంది. ఆమె పుట్టినూరు, ఈ ఊరు తప్ప ఇంకే ఊరూ చూడలేదు. ఇప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లలేనని ఆ గోరును చూస్తే తెలిసింది.

నాయన ఫోన్ మోగింది. పిల్లలను ఎక్కించుకుంటూ వస్తున్న వ్యానులోంచి, స్పీకర్‌లో మేడమ్ గొంతు. "పుట్టపర్తి దాటినామన్నా. పాప రెడీనా?"

"దానికి జరమొచ్చిండాది మేడమ్. లేయలేక పండుకోనుండాది."

"అయ్యో! అయితే వ్యాను అటుకు తిప్పంలే."

నేను ఇంట్లో గొంతెత్తి మాట్లాడినదాన్ని కాదు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకుని మూసేస్తాను. ఇది రాసుకునేలోపు వ్యాను వెళ్లిపోతుంది.

"మేడమ్! నాకు జరం లేదు. నేనొస్తాండా. ఈడికి రాండి!"

వదిన ఒళ్లో బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది. నాయన ఫోన్ పట్టుకున్న చెయ్యి దించి నావైపే చూస్తున్నాడు. అన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

ఒడిలోని కాయల చాటను నేల మీద పెట్టి, నెట్టుకుంటూ దేకుతూ వెళ్లి, అన్న కాళ్ల దగ్గర ఆపాను.

"కూర్చునే పనే అన్నా" అన్నాను.