ఇరవై లెక్కపెట్టేంత మౌనం

టవరు కింద బతికేవాళ్ళకి గాలి వేగం చెప్పడానికి యంత్రం అక్కర్లేదు. టవరును నాలుగు వైపులా పట్టి నిలిపే స్టే తీగలే చెబుతాయి. మామూలు గాలికి ఈల వేస్తాయి. పెరిగితే మూలుగుతాయి. ఆ రోజు పొద్దున్న ఏడింటికి ఈలా లేదు, మూలుగూ లేదు, ఒకటే రొద. ఆపరేటరు ఆ రేడియో స్టేషన్లో చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. అలాంటి రొద వినడం అది రెండోసారి. మొదటిసారి విన్న రోజున పాత టవరు నడుము దగ్గర విరిగి కంచె మీద పడింది.

అతను గోడమీది దేవుడి పటానికి దండం పెట్టుకున్నాడు. టవరు నిలబడాలి, అంతే. ఒక్కసారికి ఒక్క కోరికే కోరుకోవాలని, రెండు కోరితే అత్యాశని చిన్నప్పుడు తల్లి నేర్పింది. దండం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి కరెంటు పోయింది.

కరెంటు పోవడం అతనికి కొత్త కాదు. వెళ్ళి జనరేటరు వేశాడు. ఇరవై లెక్కపెట్టేంతసేపు ఆగాడు. ట్రాన్స్‌మిటరు ముసలిది. ఒకసారి ఆగిందంటే లోపల వేడెక్కి మళ్ళీ గొంతు విప్పడానికి సరిగ్గా అంతసేపు పడుతుంది. తర్వాత స్టూడియోలోంచి అనౌన్సరమ్మాయి గొంతు స్పీకరులో వినిపించింది. తెగిపడిన తీగల జోలికి ఎవరూ వెళ్ళొద్దని, ఇళ్ళలోనే ఉండమని చెబుతోంది. ఆపరేటరు జనరేటరు గది గోడకున్న ఇంకో చిన్న స్విచ్చి కూడా పైకెత్తాడు. దానిమీద సుద్దతో 'ఆసుపత్రి' అని రాసి ఉంది.

ఆ స్విచ్చి ఏ కాగితంలోనూ లేదు. అది ముగ్గురి మధ్య మాట.

స్టేషను ఊరి బయట మిట్టమీద ఉంది. మిట్ట కింద ట్రాన్స్‌ఫార్మరు. దాన్నుంచి పద్నాలుగు స్తంభాల మీదుగా ఒక తీగ స్టేషను దాకా వస్తుంది. మధ్యలో చిన్న ఆసుపత్రి. అందులో నర్సు ఆపరేటరు చెల్లెలు. ఆ లైను చూసే లైన్‌మన్ ఆ చెల్లెలి భర్త. మూడేళ్ళ కిందట గాలివానకి నాలుగు రోజులు కరెంటు లేక ఆసుపత్రి ఫ్రిజ్‌లో మందులన్నీ పాడైపోయాయి. పురుడు పోయడానికి టార్చిలైటు పట్టుకునే మనిషి కూడా దొరకలేదు. ఆ తర్వాత ఒకరోజు చెల్లెలు అన్న ఇంటికొచ్చి, కూర్చోకుండానే అడిగింది.

"అన్నయ్యా, నీ జనరేటరు పాటలకేనా, ప్రాణాలకి పనికిరాదా?"

అలా మొదలైంది. కరెంటు పోగానే లైన్‌మన్ కింద ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజులు పీకేస్తాడు. ఇక పైనుంచి జనరేటరు కరెంటు వెనక్కి పారినా ఆసుపత్రి దాటి ఊళ్ళోకి పోదు. అంతవరకూ బాగానే ఉంది. మరి ఆ పద్నాలుగు స్తంభాల్లోనే ఏదైనా బాగుచేయాల్సి వస్తే? గాలిలో ఫోన్లు ముందే చచ్చిపోతాయి. దానికి లైన్‌మనే ఉపాయం చెప్పాడు.

"నా జేబులో రేడియో ఎప్పుడూ ఉంటుంది కదా బావా. నువ్వు గాలి తగ్గాక ఆసుపత్రి స్విచ్చి దించేసి, నీ రేడియో నోరు రెండుసార్లు మూయించు. ఇరవై, ఇరవై. అప్పుడు నేను స్తంభం ఎక్కుతాను."

"ఇరవై ఎందుకు?"

"అంతకన్నా తొందరగా నీ ముసలిది లేవదుగా."

"దానంతటది పడితేనో?"

"ఒకసారి పడుతుంది. రెండుసార్లు వరసగా పడుతుందా? మరీ అంత పగబట్టిందా నామీద?"

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ళు ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పొద్దస్తమానం స్తంభాలమీదే ఉంటాడని ఆపరేటరు అతన్ని కాకి అని కూడా అంటాడు. "నువ్వు నోరు మూస్తేనే నాకు క్షేమం" అని లైన్‌మన్ తిరిగి అంటించేవాడు. మూడేళ్ళలో ఐదుసార్లు గాలివాన వచ్చింది. ఐదుసార్లూ ఆ పద్ధతి పొల్లుపోలేదు. మధ్యలో కార్యక్రమం ఎందుకు ఆగుతోందని పైవాళ్ళు అడిగితే ఆపరేటరు 'గాలివల్ల' అని రాసి ఊరుకునేవాడు. అది అబద్ధం కాదనీ అనుకునేవాడు. పూర్తి నిజమూ కాదని తెలుసు. మంచి పనికి కాస్త మరుగు ఉంటే దేవుడు ఏమీ అనుకోడని సర్దిచెప్పుకున్నాడు.

తొమ్మిదిన్నరకి పడమటి వైపు స్టే తీగ వదులైనట్టు కిటికీలోంచి కనిపించింది. మిగతా మూడూ బిగిసి ఉంటే అదొక్కటే తాడాట తాడులా ఊగుతోంది. దాన్ని అలాగే వదిలేస్తే గంటలో టవరు పోతుంది. ఆపరేటరు పెద్ద స్పానరు తీసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. స్టే తీగని నేలకి కట్టిన దిమ్మ దగ్గర మోకాళ్ళమీద కూర్చుని మర బిగించసాగాడు. ఒక్క చుట్టు తిప్పడానికి ఒళ్ళంతా వేలాడాల్సి వచ్చింది. పైకి చూస్తే టవరు కొన మబ్బుల్ని రాసుకుంటోంది. చెవుల్లో రొద తప్ప ఇంకేమీ లేదు. పక్కనే పిడుగు పడినా వినపడదు. నలభై నిమిషాలు పట్టింది. తీగ బిగిసింది. టవరు నిలబడింది. అతను అక్కడే బురదలో కూర్చుని దేవుడికి దండం పెట్టాడు.

గాలి కూడా కొంచెం తగ్గినట్టుంది. అతను లోపలికొచ్చి ముఖం తుడుచుకుంటుంటే అనౌన్సరమ్మాయి స్టూడియో తలుపు తీసింది.

"మాస్టారూ, టవరు దక్కిందా?"

"దక్కిందమ్మా. దేవుడి దయ."

"హమ్మయ్య. ఇందాక రెండుసార్లు ఆగితే ఇక పోయిందే అనుకున్నా. తర్వాత గుర్తొచ్చింది, మీరు అప్పుడప్పుడు ఆపుతారుగా, అదేమోలే అని చదువుకుంటూ పోయాను."

ఆపరేటరు చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"ఎప్పుడు?"

"పావుగంట అయ్యుంటుంది. లైటు మిణుకుమంది, ఆగింది. వచ్చింది. మళ్ళీ ఆగింది. ఏం మాస్టారూ, మీరు కాదా?"

అతను జనరేటరు గదిలోకి పరుగెత్తాడు. డీజిలు ట్యాంకు మూత పోయిన ఏడాది ఎక్కడో పడిపోతే, ప్లాస్టిక్ సంచి చుట్టి తాడుతో కట్టాడు. కొత్త మూత అడగాలని రోజూ అనుకుంటూనే ఉన్నాడు. గాలికి సంచి ఎగిరిపోయింది. పైన రేకు సందులోంచి వాన చుక్కలు తిన్నగా ట్యాంకులోకి పడుతున్నాయి. నీళ్ళు తాగిన జనరేటరు రెండుసార్లు పొలమారింది, అంతే. మళ్ళీ తేరుకుని, ఏమీ ఎరగనట్టు తిరుగుతోంది.

ఆసుపత్రి స్విచ్చి పైకే ఉంది.

అతను దాన్ని ఒక్క దెబ్బతో కిందికి కొట్టాడు. చెప్పులు కూడా వేసుకోకుండా మిట్ట దిగాడు. గాలికి ఎదురుగా పరుగెడుతుంటే నాలుగడుగులు వేస్తే రెండడుగులే ముందుకి పడుతున్నాయి. ఒక్కో స్తంభం దగ్గరా తల పైకెత్తి చూశాడు. ఎవరూ లేరు. పోనీ, ఇంకా ఎక్కలేదేమో. రేడియోలో బ్యాటరీ అయిపోయిందేమో. ఏ ఇంటి అరుగుమీదో కూర్చుని గాలిని తిడుతున్నాడేమో. తొమ్మిదో స్తంభం దాకా అలా తనకి తానే చెప్పుకుంటూ వెళ్ళాడు.

ఆసుపత్రి దాటాక, పదో స్తంభం దగ్గర, ఒక పెద్ద కొమ్మ తీగలమీద వాలి ఉంది. సగం నరికి ఉంది. కింద బురదలో ఒక కత్తి, ఒక చేతి తొడుగు. కొంచెం దూరంలో లైన్‌మన్ జేబు రేడియో వెల్లకిలా పడి ఉంది. అది ఇంకా మాట్లాడుతూనే ఉంది. అనౌన్సరమ్మాయి గొంతు ఎంతో శ్రద్ధగా, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతోంది: తెగిపడిన తీగల జోలికి ఎవరూ వెళ్ళకండి.

బురదలో మనిషిని మోసుకెళ్ళిన అడుగులు ఆసుపత్రి వైపు ఉన్నాయి.

ఆసుపత్రి లోపల చీకటి. కిటికీలన్నీ గాలికి భయపడి మేకులు కొట్టి మూసేశారు. బల్లమీద లైన్‌మన్ పడి ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి దాకా నల్లగా ఉంది. చెల్లెలు రెండు చేతులూ అతని గుండెమీద పెట్టి నొక్కుతోంది. మోసుకొచ్చిన పాలవాడు పక్కనే నిలబడి ఒక అగ్గిపుల్ల తర్వాత ఒకటి గీస్తున్నాడు. అన్న గుమ్మంలోకి వచ్చినా చెల్లెలు తల తిప్పలేదు. నొక్కుతూనే అడిగింది.

"కరెంటు నువ్వే తీశావా?"

"అమ్మా, నేను..."

"ఇంతసేపూ ఉంది. సరిగ్గా ఇప్పుడే తీయాలా? ఆ మూలనున్న యంత్రం కరెంటు లేకపోతే ఊపిరి అందించదు. ఏడవకు అన్నయ్యా. వెళ్ళి వెయ్యి. ముందు కరెంటు వెయ్యి."

అతను పాలవాడి వైపు తిరిగాడు. "తీగమీద ఇంకెవరన్నా ఉన్నారా?"

"ఎవరూ లేరయ్యా."

"ఎవర్నీ దాని దగ్గరికి రానియ్యకు. ఎవర్నీ."

మళ్ళీ మిట్ట ఎక్కాడు. ఈసారి గాలి వెనకనుంచి తోసింది. దారిలో దేవుణ్ణి ఏమడగాలో తెలియలేదు. పొద్దున్న ఒకటి అడిగాడు, అది జరిగింది. టవరు నిక్కచ్చిగా నిలబడి ఉంది. అదే కూలిపోయి ఉంటే రేడియో ఒక్కసారే ఆగేది, మళ్ళీ మాట్లాడేది కాదు. కాకి ఎక్కేవాడు కాదు. ఇచ్చింది ఆయనే కదా, ఎందుకిచ్చాడు? అడిగింది తను కదా, ఎందుకలా అడిగాడు? జనరేటరు గదిలోకి వెళ్ళి స్విచ్చి ముందు నిలబడ్డాడు. ఆ స్విచ్చి పైకెత్తడం మంచో చెడో ఆ క్షణాన అతనికి తెలియలేదు. చెల్లెలు అడిగింది కాబట్టి ఎత్తాడు.

లైన్‌మన్ బతికాడు. మూడు వేళ్ళు తీసేశారు. స్తంభం మీంచి పడి విరిగిన తుంటి ఎముక అతికినా కాలు మునుపటిలా మడత పడదన్నారు. ఇక స్తంభం ఎక్కేది లేదు.

పదకొండో రోజున కరెంటు ఆఫీసు నుంచి విచారణకి ఒక అధికారి వచ్చాడు. పెద్దాసుపత్రిలో లైన్‌మన్ మంచం పక్కన కుర్చీ వేసుకుని కాగితాలు తీశాడు. ఆపరేటరూ చెల్లెలూ గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"లైనులో కరెంటు ఉందని తెలియదా?"

"తొందరపడ్డానండి. చూసుకోలేదు" అన్నాడు లైన్‌మన్.

"తీగలో కరెంటు ఉందో లేదో పరీక్షించే కర్ర మీ దగ్గరే ఉంది. తీగని నేలకి కలిపే గొలుసు కూడా ఉంది. రెండూ వాడలేదు."

"బుద్ధి గడ్డి తింది. తప్పు నాదే."

కర్ర ఎందుకు వాడలేదని అంతకుముందు రోజు ఆపరేటరు కూడా అడిగాడు, ఇద్దరే ఉన్నప్పుడు. లైన్‌మన్ పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు చెప్పాక కర్ర ఎందుకు బావా? నీ మాటకి పరీక్ష పెట్టినట్టు ఉండదూ?"

అధికారి కలం ఆగింది. "ఫ్యూజులు మీరే తీశారు. మరి ఆ తీగలోకి కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

లైన్‌మన్ ఆపరేటరు వైపు చూశాడు. వద్దని ఆ చూపులో స్పష్టంగా ఉంది. ఆపరేటరుకి తన లోపల లెక్క వినిపించింది. ఒకటి, రెండు, మూడు. అతను దాన్ని ఆపాలని చూశాడు. అది ఆగలేదు. పన్నెండు దగ్గర, ఊరుకుంటే ఎవరికి నష్టం అనిపించింది. పదహారు దగ్గర, బురదలో మాట్లాడుతున్న రేడియో గుర్తొచ్చింది. ఇరవై అయ్యాక నోరు విప్పాడు.

"నా జనరేటరు నుంచండి. స్విచ్చి నేను దించలేదు. ట్యాంకుకి మూత లేదు, అదీ నా పనే. ఎక్కమని కబురు ఇతనికి నా రేడియో ఇచ్చింది. రాసుకోండి."

మొత్తం చెప్పాడు. చెబుతున్నంతసేపూ లైన్‌మన్ కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఆ సాయంత్రమే మనుషులొచ్చి సుద్దతో రాసిన స్విచ్చిని గోడనుంచి పీకేశారు. జనరేటరు నుంచి ఆసుపత్రి కోసం కలిపిన తీగని అక్కడే కత్తిరించి, చివరలకి నల్ల టేపు చుట్టారు. ఆపరేటరు మీద చర్యకి కాగితం నడిచింది. ఉద్యోగం పోలేదు గానీ, ఇక యంత్రం ముట్టుకోకూడదని రికార్డుల గదిలో వేశారు. చెల్లెలు అతన్ని తిట్టలేదు. అన్నం పెట్టేటప్పుడు ఒక్కసారే అంది.

"నిజం చెప్పావు, మంచిదే. ఈసారి గాలొస్తే ఫ్రిజ్‌లో మందులేం చేయాలో కూడా నీ దేవుణ్ణే అడిగి చెప్పు."

అతను అడిగాడు. రోజూ అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు కోరికలు ఒకటా రెండా అని లెక్క చూసుకోవడం లేదు.

సాయంత్రాలు చెల్లెలి ఇంటికి వెళ్తాడు. లైన్‌మన్ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఊతకర్ర గోడకి ఆనించి ఉంటుంది. జేబు రేడియో ఒళ్ళో ఉంటుంది. దాని వెనక ఇంకా కాస్త బురద ఎండి ఉంది. ఎవరూ తుడవలేదు.

"కాకికి రెక్క తెగింది, ఇక నేలమీదే గింజలు ఏరుకోవాలి" అని లైన్‌మన్ ఒకసారి నవ్వించబోయాడు. ఆపరేటరు నవ్వడానికి ప్రయత్నించాడు.

నిన్న కూర్చుని ఉండగా బయట గాలి లేచింది. పెద్దదేమీ కాదు, తలుపు రెక్క కొట్టుకునేంత. పాట మధ్యలో రేడియో ఆగిపోయింది. లైన్‌మన్ మాట ఆపేశాడు. మిగిలిన రెండు వేళ్ళు రేడియో మీద బిగుసుకున్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఆపరేటరు పెదవులూ కదులుతున్నాయి. లోపల చెల్లెలు చేతిలో గిన్నె చప్పుడు ఆగింది.

ఇరవైకి పాట తిరిగి వచ్చింది.

ముగ్గురిలో ఎవరూ కదల్లేదు. పాట విన్నవాళ్ళూ లేరు. అది రెండోసారి ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్నారు.