భయం నటించిన తల్లి

శనివారం పొద్దున సరోజిని కుక్కర్‌లో పప్పు పెట్టి, పోపుకు ఉల్లిగడ్డ కోస్తుంటే వెనక దబ్బుమని చప్పుడైంది. తిరిగి చూసేసరికి తొమ్మిదేళ్ళ బిడ్డ అమృత వంటింటి నేల మీద వెల్లకిలా పడి ఉంది. కళ్ళు మూసుకుపోయాయి. నోటి పక్కన నీలం నురగ.

సరోజిని పై ప్రాణాలు పైనే పోయాయి. అసలే ఆమెది తాడును చూసి పామనుకునే గుండె. బిడ్డ బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే కారు కింద పడిందనుకుంటుంది. ఈ పరాయి దేశంలో తాముండే పాపటోయిటోయి పేట మీదుగా దిగే విమానం కొంచెం కిందుగా పోతే తమ ఇంటి మీదే పడుతుందనుకుంటుంది. అలాంటి మనిషికి కళ్ళెదుట నీలం నురగ!

"అమ్ములూ... ఓ అమ్ములూ..." తప్ప నోట ఇంకో మాట రాలేదు. మూర్ఛే అనుకుంది. ఊళ్ళో చేసినట్టే గోడకున్న తాళాలగుత్తి లాగి బిడ్డ గుప్పిట్లో కుక్కింది. చేతిలో ఉన్న ఉల్లిగడ్డ ముక్క ముక్కు దగ్గర పెట్టింది. అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలని తోచింది గానీ, వేళ్ళు అలవాటుగా ఇండియా అంబులెన్సు నంబరు నొక్కాయి. అవతల ఎవరూ పలకలేదు.

అప్పుడు అమృత ఒక కన్ను తెరిచింది. పక్కనున్న నీలం పాకెట్టులోంచి, నోట్లో నురగ పుట్టించే పుల్ల బిళ్ళ ఇంకొకటి తీసి నోట్లో వేసుకుని, చెంగున లేచి నిలబడింది.

"బ్లూజ్యాప్!" అని పాకెట్టు మీది పేరు అరిచింది. "ప్రాంక్, మమ్మీ, ప్రాంక్!"

బియ్యం డబ్బాకు ఆనించిన టాబ్లెట్ ఇదంతా వీడియో తీస్తూనే ఉంది.

సరోజిని కొట్టలేదు, తిట్టలేదు. కుక్కర్ కూత మీద కూత పెడుతున్నా పట్టించుకోక ఉన్నచోటే కూచుండిపోయింది.

మధ్యాహ్నం గోదాములో డ్యూటీ దిగి వచ్చిన భర్త వీరేశం సంగతంతా విని నవ్వాడు. "నీ భయమే నీకు పెద్ద రోగం. పోరి ఆట ఆడింది, అంతే గదా!"

"ఆట గాదు, జర విను. డెక్స్ అని ఎవడో వీడియోల పోరడు ఉన్నడట. తల్లి ముందర పడిపోయి, ఆ బిళ్ళలు తిని లేచి, అది తీసి పంపుమన్నడట. రేపటిదాకనే టైమట. అందరికన్న మంచిగ భయపెట్టినోళ్ళకు పెట్టెడు బిళ్ళలట!" సరోజిని టాబ్లెట్ వైపు వేలు చూపింది. "లోకమంతా నన్ను చూస్తది. ఈ దేశంల ఉండనిచ్చే మన రెసిడెన్సీ ఫైలు ఇంకా తేలలే. ఆ ఆఫీసులో ఎవరన్న చూసి, ఈ తల్లి బిడ్డ ముక్కుల ఉల్లిగడ్డ పెట్టిందని రాసుకుంటే? పిల్లను గుంజుకపోతే?"

"డిలీట్ కొట్టు, అయిపాయె."

"నేను కొడితే ఎల్లుండి ఇంకోటి తీస్తది."

సోఫాలో మూతి ముడుచుకుని కూచున్న అమృత అంది, "సినా కూడా చేస్తుంది. రేపు చర్చి నుంచి వచ్చినంక. వాళ్ళ గ్రాండ్మా మీద."

సినా పక్కింటి పిల్ల, సమోవా దీవుల వాళ్ళమ్మాయి. ఆమె నానమ్మ కంచె మీదుగా సంచీల కొద్దీ జామపళ్ళలాంటి ఫిజోవా పళ్ళు అందించే పెద్దమనిషి. పోయినేడే గుండెకు మిషన్ పెట్టారు.

"ఆమె గుండెల మిషన్ ఉన్నది గదనే!"

"డెక్స్ వాళ్ళ మమ్మీకి ఏం కాలేదు. షి లాఫ్డ్."

పరుగున పోయి పెద్దావిడకు చెప్పేద్దామా అనుకుంది సరోజిని. కానీ తనకొచ్చిన ఇంగ్లీషులో "సినా ఫాల్, సినా డెడ్" అని మొదలుపెడితే, ప్రాంక్ అనే మాట దాకా చేరేలోపే ఆ తల్లి గుండె ఆగిపోదూ! గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, బిడ్డ పక్కన కూచుంది.

"ఆ పోరని వీడియో పెట్టు. నాకు సరిగ్గ సమజ్ గాదు. ఒక్కో మాట తెలుగుల చెప్పు."

అమృత అనుమానంగా చూసి, పెట్టింది. కుర్రాడు కార్పెట్ మీద పడ్డాడు. చక్కగా తల దువ్వుకున్న ఆడమనిషి వచ్చి చెంపలు పట్టుకుంది.

"ఆమె ఏమంటోందంటే... 'అయ్యో, నా కొడుకు పడిపోయాడు! నేను ఏం చెయ్యాలి? ఓ, ఇక్కడ బ్లూజ్యాప్ ఉంది! కొత్త బ్లూజ్యాప్, డబుల్ పులుపు!'"

"మళ్ళ చెప్పు."

అమృత మళ్ళీ చెప్పింది. ఈసారి చివరి మాటల దగ్గర గొంతు కాస్త తగ్గింది.

"పొద్దున నేనేమన్న?"

"అమ్ములూ, అమ్ములూ."

"ఇంకా?"

"అంతే."

"నీ పక్కన పాకెట్టు ఉండె గదా, నేను చూసిన్నా?"

అమృత ఆలోచించింది. "నో. దాని మీద మోకాలు పెట్టినవ్."

"కొడుకు పడిపోతే ఏ తల్లన్న పాకెట్టు మీద పేరు చదువుతదా బిడ్డా? అది కొత్తదా పాతదా, పుల్లగుంటదా తియ్యగుంటదా అని చూస్తదా? భయపడుడంటే ఏందో నాకు తెల్వదా? ఆమె భయపడలే. భయపడుమని ఎవరో చెప్పిండ్రు, పేరు కూడా పలుకుమన్నరు."

"షి ఈజ్ రియల్! నీకేం తెలీదు!" అమృత టాబ్లెట్ లాక్కుని మూలకు పోయి కూచుంది. తల్లి తప్పని నిరూపించడానికే కాబోలు, డెక్స్ పాత వీడియోలు ఒకటొకటిగా తిప్పింది. ఉన్నట్టుండి ఆమె వేలు ఆగిపోయింది.

"మమ్మీ... ఇందులో టీచర్ ఉంది కదా. డెక్స్ మమ్మీనే ఈ టీచర్. కళ్ళద్దాలు పెట్టుకుంది, అంతే." పిల్ల బొమ్మను రెండు వేళ్ళతో పెద్దది చేసింది. "టీచర్ టేబుల్ మీద కూడా బ్లూజ్యాప్ ఉంది. ఇది అడ్వర్టైజ్‌మెంటా? యాడ్ అని చెప్పనే లేదు!"

"చెప్తే నువ్వు చూస్తవా?" అన్నాడు వీరేశం. "స్కిప్ కొడ్తవ్."

"మరి నా వీడియో?"

"అదీ యాడే. మీ అమ్మ ఏడుపుతోని బిళ్ళలు అమ్ముకుందురు."

అమృత మొహం కందిపోయింది. గబగబా పొద్దుటి వీడియో తీసి, డిలీట్ మీదికి వేలు తెచ్చింది.

"ఆగు," అంది సరోజిని. "ఇదంతా నువ్వు చెప్తే సినా నమ్ముతదా?"

"నమ్మదు. తనకి డెక్స్ అంటే పిచ్చి."

సరోజిని కొంగు వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. "పిలువు ఆ పిల్లను. రెండూ చూపెట్టు, ముందు వాళ్ళది, తర్వాత నాది. చూపెట్టినంక తీసేయ్."

"నువ్వేనా ఈ మాటంటున్నది?" అన్నాడు వీరేశం.

ఆమె పడగ్గదిలోకి పోయి ఆరిన బట్టలు ముందేసుకుంది.

సినా వచ్చింది. గోడవతల ముందు ఆ దువ్వుకున్న తల్లి మాటలు వినబడ్డాయి. తర్వాత తన గొంతు. అది తనదేనని సరోజినికి నమ్మబుద్ధి కాలేదు, బావిలోంచి ఎవరో పిలుస్తున్నట్టు ఉంది. ఉల్లిగడ్డ దగ్గర పిల్లలిద్దరూ కిసుక్కున నవ్వారు. సిగ్గుతో సరోజిని చెవులు వేడెక్కాయి. తర్వాత నవ్వు లేదు. "డిలీట్," అని అమృత అనడం మాత్రం వినబడింది.

కాసేపటికి సినా వట్టి కాళ్ళతో గుమ్మంలోకి వచ్చింది. "ఆంటీ, ఆర్ యూ ఓకే నౌ?"

"ఓకే, ఓకే," అంది సరోజిని, మడత పెట్టిన దుప్పటినే మళ్ళీ విప్పుతూ.

అయినా ఆమెకు నమ్మకం చిక్కలేదు. పిల్లల బుద్ధి, ఈ పూట ఉన్నట్టు ఆ పూట ఉండదు. ఆదివారం చర్చి వేళ దాటగానే తడి బట్టల బకెట్ పట్టుకుని కంచె దగ్గర నిలబడింది. కారు వచ్చింది. తెల్ల గౌను, తెల్ల టోపీతో నానమ్మ దిగింది, వెనకాలే సినా. తలుపు మూసుకుంది. సరోజిని పిండిన తువ్వాలే మళ్ళీ పిండుతూ చెవులు రిక్కించింది. లోపల పళ్ళేల చప్పుడు. ఉన్నట్టుండి పెద్దావిడ కేక! సరోజిని చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. సినా విసుగ్గా ఏదో బదులిచ్చింది, పెద్దావిడ ఇంకా గట్టిగా అరిచింది. తిట్లే, ఏ భాషైనా తిట్లు తిట్లలాగే ఉంటాయి. సరోజిని ఊపిరి వదిలింది.

"ఇంక లోపలికి రావా?" వీరేశం కిటికీలోంచి పిలిచాడు. "ఏం గాలే గదా?"

"జర ఆగు. ఆమె అన్నం తినేదాక చూద్దం."